గంటలో చిక్కబడని జిగురు

ఫిబ్రవరి 3

బుల్లీ,

ఒంట్లో బాగుంటున్నావని, వేళకి తింటున్నావని తలుస్తున్నాను. తినడం లేదని తెలిస్తే మీ అత్తయ్య నన్ను తినేస్తుంది. ఈ రోజుల్లో ఫోను చెయ్యకుండా ఉత్తరాలేమిటని మీ ఫ్యాక్టరీలో నవ్వుతున్నారని రాశావు. నవ్వనీ. నలభై ఏళ్ళు మర పక్కన నిలబడ్డ చెవులివి. ఫోను పెట్టుకుంటే నీ గొంతు డబ్బాలో ఈగ తిరిగినట్టుంటుంది. ఉత్తరమైతే నచ్చిన చోట రెండుసార్లు చదువుకోవచ్చు.

అసలు సంగతికొస్తాను. మీ ఫ్యాక్టరీకి మన జిగురు పొడి మొదటి సరుకు నిన్న లారీ ఎక్కింది. షాంపూల్లో, జుట్టుకి రాసే జెల్లో చిక్కదనం కోసం ఇన్నాళ్ళూ ఏవో రసాయనాలు కలిపేవాళ్ళనీ, ఇప్పుడు జనం సీసా వెనక అక్షరాలు చదివి చెట్టునుంచి వచ్చిందే కావాలంటున్నారనీ నువ్వు రాయబట్టే కదా నేనీ సాహసానికి దిగింది. మర మొత్తం మీకే ఆడాలన్నారు. సరేనని బట్టల అద్దకం వాళ్ళకి ఇక పంపలేనని చెప్పేశాను. ఇరవై ఏళ్ళ నుంచి తీసుకుంటున్నవాళ్ళు. మొహాలు మాడ్చుకున్నారు.

నెత్తిమీద నాలుగు వెంట్రుకలు లేనివాడు ఊళ్ళోవాళ్ళ జుట్టుకి పొడి పంపడమేమిటని జల్లెడమ్మ ఒకటే నవ్వు. ఆవిడ జల్లెడ పట్టడం మొదలుపెట్టినప్పుడు నువ్వింకా పుట్టలేదు, ఏమైనా అనే హక్కు ఆవిడకుంది. మీ అత్తయ్య ఎప్పటిలాగే బస్తా మూతి దగ్గర కూర్చుని ప్రతి బస్తా చేత్తో తడిమి కుట్టింది. పదేళ్ళు మా ఇంట్లో ఆ బస్తాల మీద కూర్చుని ఎక్కాలు చదువుకున్న పిల్ల ఉన్న చోటికి వెళుతోంది కదా అని ఆవిడ సంబరం.

మన గోరుచిక్కుడు గింజల పొడి సంగతి నీకు కొత్తగా చెప్పేదేముంది. రాళ్ళ మధ్య నెమ్మదిగా నలిగింది కాబట్టి కాస్త బరకగా ఉంటుంది. నీళ్ళలో పడగానే హడావుడి చెయ్యదు. ఒక పూట నానిందంటే మర్నాడు గిన్నె బోర్లించినా కారదు. మీ మిక్సింగ్ గదిలో వాళ్ళకి ఆ మాట నువ్వే చెప్పు. నువ్వున్నావన్న ధీమాతోనే ఉన్నాను.

ఆశీస్సులతో,
మామయ్య


ఫిబ్రవరి 13
(పోస్టు చెయ్యలేదు)

మామయ్యా,

ఈ ఉత్తరం మూడోసారి మొదలుపెడుతున్నాను.

నేనిప్పుడు మిక్సింగ్ గదిలో లేను. జనవరిలో నన్ను పరీక్షల గదికి మార్చారు. పాత ఆయన మానేశాడు, మా మేడమ్ నన్ను కూర్చోబెట్టింది. ఆరు నెలలు చూస్తారు, నచ్చితే ఉంచుతారు. ఖాయమయ్యాక చెప్పి నిన్ను ఆశ్చర్యపెడదామనుకున్నాను. ఇప్పుడు ఫ్యాక్టరీకి వచ్చే ప్రతి పొడీ నా బల్ల మీద నుంచే లోపలికి వెళ్ళాలి.

నీ బస్తాలు వచ్చాయి. అత్తయ్య కుట్టు చూసి గుర్తుపట్టాను. ఇక్కడ పద్ధతి ఏమిటంటే, వంద పాళ్ళ నీటిలో ఒక పాలు పొడి వేసి గిలకొట్టి, సరిగ్గా గంట తర్వాత యంత్రం కింద పెడతాం. ఒక కడ్డీ ఆ ద్రవంలో తిరుగుతుంది. ద్రవం ఎంత చిక్కగా ఉంటే కడ్డీ అంత కష్టపడుతుంది, ఆ కష్టం అంకెగా కనబడుతుంది. మూడు వేలు దాటాలి. నీది పందొమ్మిది వందలు వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే. పొడి నానడం కోసం మిక్సింగ్ తొట్టి గంటకంటే ఎక్కువసేపు ఆగకూడదని మేడమ్ పెట్టిన నియమం అది.

రేపటిదాకా ఉంచి చూద్దామండీ అని అడగాలని నోటిదాకా వచ్చింది. అడిగితే ఎందుకని అడుగుతారు. ఈ మర మా మామయ్యదని చెప్పాలి. చుట్టాలెవరైనా సరుకు పంపుతుంటే ముందే కాగితం మీద రాసివ్వాలి, నేను రాయలేదు. రాస్తే ఈ కుర్చీ ఇవ్వరేమోనని భయపడ్డాను. రిజిస్టర్లో ‘పనికిరాదు’ అని రాసి ఎర్ర స్టాంపు వేశాను. మేడమ్ చూసి, నిక్కచ్చిగా ఉన్నావని మెచ్చుకుంది.

బీకరు మాత్రం పారబొయ్యలేదు. మూత పెట్టి బల్ల కింద దాచాను. ఇవాళ పొద్దున ఎవరూ రాకముందే వెళ్ళి కొలిచాను. ఐదు వేల రెండు వందలు వచ్చింది మామయ్యా. మా గదిలో అంత అంకె నేనెప్పుడూ చూడలేదు. బీకరు వంచితే కదల్లేదు.

చెంచాతో గీకి, నీళ్ళు పోసి, సింకులో పారేశాను. పోవడానికి చాలాసేపు పట్టింది.

నీ
బుల్లి


ఫిబ్రవరి 24

బుల్లీ,

నా కడుపు మండిపోతోంది, ముందు అది రాసి తర్వాత క్షేమసమాచారాలు అడుగుతాను.

సరుకు వెనక్కి వచ్చింది. మొత్తం. ‘చిక్కదనం చాలదు’ అని ఒక చీటీ, కింద ఎర్ర స్టాంపు, స్టాంపు పక్కన సంతకం బదులు ఒక నంబరు. నా పొడికి చిక్కదనం చాలదట! నలభై ఏళ్ళలో నా మొహం మీద ఎవరూ ఈ మాట అనలేదు. ఎవడే ఆ మహానుభావుడు? కళ్ళు నెత్తిమీదున్నాయా వాడికి? వాడి జన్మలో జిగురు చూశాడా? చేత్తో పట్టుకుని చూశాడా? తెల్ల కోటు వేసుకుని గడియారం చూసి చెప్పే రకం అయివుంటాడు.

నువ్వు పక్క గదిలోనే కదా ఉంటావు. వాడెవడో కనుక్కో. కొట్లాడమని కాదు. ఒక గిన్నెలో నానబెట్టి మర్నాడు చూడమని చెప్పు. మనిషన్నాక చూస్తే తెలుస్తుంది. చూసి కూడా కాదంటే, వాడు అన్నం తినే మనిషి కాడని నేననుకుని ఊరుకుంటాను.

పిల్లని ఇందులోకి లాగొద్దని మీ అత్తయ్య అంటోంది. కొత్త ఉద్యోగం, దాని తల మీదికి తేవద్దంటోంది. నీకు ఇబ్బందైతే వద్దులే. కానీ కనుక్కో.

జల్లెడమ్మ నాలుగు రోజులుగా నాతో మాట్లాడటం లేదు. సరుకు తిరిగొస్తే తన జల్లెడని తప్పుపట్టినట్టట. వెనక్కొచ్చిన బస్తాలు గోడ వారగా పేర్చాను. అటు చూడకుండా తిరుగుతున్నాను.

మామయ్య


మార్చి 6

మామయ్యకు నమస్కారాలు.

నీ ఉత్తరం చదివి చాలా బాధపడ్డాను. అత్తయ్యని దిగులు పెట్టుకోవద్దని చెప్పు.

పరీక్షల గది తలుపు ఎప్పుడూ వేసి ఉంటుంది. మేం లోపలికి వెళ్ళకూడదు. పరీక్ష చేసేవాళ్ళు ఎవరితోనూ ఎక్కువ మాట్లాడరు. కనుక్కోవడం కుదిరేలా లేదు మామయ్యా, అడిగితే బాగుండదు.

కానీ ఒక సంగతి విన్నాను. వాళ్ళు గంటకే చూస్తారట. మర్నాటిదాకా ఆగరట. పొడి ఎంత మెత్తగా ఉంటే నీళ్ళు అంత తొందరగా పీల్చుకుంటుంది కదా. ఇంకొంచెం మెత్తగా పట్టిస్తే గంటలోనే చిక్కబడుతుంది. మిగతా మరలవాళ్ళంతా అలాగే పంపుతున్నారు. వాళ్ళ పొడి మొహానికి రాసుకునే పౌడరులా ఉంటుంది. నీ సరుకులో లోపమేమీ లేదు, నాకు తెలుసు. ఆ గంట ఒక్కటి దాటితే చాలు. కొత్త నమూనా పంపు.

ఇక్కడ నేను బాగానే ఉన్నాను. గదికి కొత్త కర్టెన్ కట్టుకున్నాను. పక్కింటావిడ రేడియో పెద్దగా పెడుతుంది కానీ మనిషి మంచిది.

నీ
బుల్లి


మార్చి 17

బుల్లీ,

నువ్వు చెప్పావని రాళ్ళు దగ్గరికి బిగించి పట్టించాను. పప్పు మాడిన వాసన వచ్చింది. జిగురు పప్పు వేడెక్కిందంటే దాని ప్రాణం పోయినట్టే, మా నాన్న ఆ వాసన తగిలితే మర ఆపి అందరినీ బయటికి పంపేవాడు. ఆ పొడి నానబెట్టి చూశాను. గంటలో కాస్త నయం, మర్నాటికి నీరసం. నాకు నచ్చలేదు.

రాళ్ళతో అంతకంటే మెత్తన రాదు. రాళ్ళు అరిగితే గాట్లు కొట్టే ఆయన్ని పిలిచి అడిగాను. ఆయనా అదే మాట అన్నాడు. ఇక దారి ఒక్కటే, రాళ్ళు తీసేసి ఇనుప మర పెట్టించడం. ఒకాయన అమ్ముతానంటున్నాడు. పాత రాళ్ళు ఇల్లు కట్టేవాళ్ళు పునాదికి పగలగొట్టి పట్టుకుపోతారట. వచ్చే సోమవారం మనుషుల్ని పంపుతారు.

నిజం చెబుతున్నాను, చేతులు రావడం లేదు. ఆ రాళ్ళ చప్పుడుకి నిద్రలేచి, ఆ చప్పుడాగితే అన్నానికి కూర్చున్నవాణ్ణి. అద్దకం వాళ్ళు వేరేచోట కుదుర్చుకున్నారు, అటు వెళ్ళే దారి లేదు. మీ ఫ్యాక్టరీ తీసుకోకపోతే మర మూతే. మీ అత్తయ్యని అడిగితే, బుల్లిని అడగండి, అది లోపలుంది, దానికి తెలుస్తుంది అంది. నాకూ అదే సబబనిపించింది.

సోమవారంలోపు నాలుగు ముక్కలు రాసి పడెయ్యి. నువ్వు వద్దంటే ఆపేస్తాను. ఎలాగో ఒకలా బతుకుతాం. పెట్టించమంటే పెట్టిస్తాను. నీ మాట మీదే ఉన్నాను.

మామయ్య


మార్చి 20

మామయ్యా,

వెంటనే రాస్తున్నాను. పెట్టించు. ఇక్కడ అందరిదీ ఇనుప మరే. రాళ్ళతో ఇంకెన్నాళ్ళు లాగుతావు?

మెత్తగా వస్తే తప్పకుండా తీసుకుంటారు. ఆ భరోసా నాది.

నీ
బుల్లి


ఏప్రిల్ 19

బుల్లీ,

ఇనుప మర తిరుగుతోంది. చప్పుడు వేరు. రాళ్ళది గొణుగుడు, దీనిది అరుపు. చెవిటితనం నాకిప్పుడు వరమైంది.

పొడి చూశావా? నీ చేతికి అందే ఉంటుంది. గాలికంటే తేలిగ్గా ఉంది. బస్తాలో పడేది సగం, గాలిలో తిరిగేది సగం. సాయంత్రానికి మర గదిలో అందరం తెల్లజుట్టు, తెల్లకనుబొమలతో బయటికి వస్తాం. నాకు కూడా జుట్టొచ్చినట్టే ఉంటుంది. మీ అత్తయ్యని చూసి, అప్పుడే ముసలిదానివైపోయావేమిటే అని ఏడిపించాను. నవ్వబోయి దగ్గింది. నాలుగు రోజులుగా ఒకటే దగ్గు. ముక్కుకి కొంగు కట్టుకోమంటే, ఊపిరాడటం లేదని తీసేస్తుంది. బస్తా మూతి దగ్గర్నుంచి లేవమంటే లేవదు. కొత్త మర కదా, అలవాటు పడాలి.

రాళ్ళు తీసుకుపోయిన రోజు నేను ఇంట్లో లేను. కావాలనే వెళ్ళిపోయాను. మీ అత్తయ్య దగ్గరుండి పంపింది. వాకిట్లోనే పగలగొట్టారట, లారీలో ఎక్కించడానికి వీలుగా. ఆ ముక్కల నలుసు ఇంకా చెప్పుల కింద తగులుతోంది.

జల్లెడమ్మకి పని లేకుండా పోయింది. ఈ పొడికి జల్లెడ అక్కర్లేదు. కూర్చోబెట్టి అన్నం పెడతానంటే, నేనేం బిచ్చానికి వచ్చానా అని చెంగు దులిపి వెళ్ళిపోయింది.

పరీక్ష ఏమైందో వెంటనే రాయి. ఆ గడియారం మనిషి ఏమన్నాడో.

మామయ్య


ఏప్రిల్ 30

మామయ్యకు, అత్తయ్యకు నమస్కారాలు.

పాసైంది! గంటకి మూడు వేల మూడు వందలు వచ్చింది. నేను చెప్పలేదా! ఆ రోజంతా నాకు కాళ్ళు నేలమీద నిలవలేదు. మన పొడితో మొదటి తొట్టి జెల్ చేశారు. దూరం నుంచి చూశాను. అద్దంలా మెరుస్తూ సీసాల్లోకి దిగింది. ఇక నెలనెలా తీసుకుంటారు. ఇంతకు రెట్టింపు పంపగలవేమో అడుగుతున్నారు. ఇదే మెత్తదనం ఉండాలి, కొంచెం కూడా బరక కాకూడదు.

అత్తయ్యని వేడినీళ్ళు తాగమను. కాలం మారుతోంది, ఇక్కడా అందరికీ దగ్గులే.

నీతో ఒక సంగతి చెప్పాలి మామయ్యా. ఉత్తరంలో కుదరదు, ఎదురుగా కూర్చుని చెప్పాలి. సెలవు దొరికాక వస్తాను. కంగారు పడకు, ఇప్పుడంతా సర్దుకుంది కాబట్టి అదేమంత పెద్ద సంగతి కాదు.

నీ
బుల్లి


మే 25

బుల్లీ,

రెట్టింపు పంపమన్నారని మర పొద్దున్నుంచి పొద్దుగుంకేదాకా ఆడిస్తున్నాను. మొన్న బజారుకి వెళితే కొట్టులో మీ జెల్ సీసా కనబడింది. వెనక చిన్న అక్షరాల్లో గోరుచిక్కుడు జిగురు అని ఉంది. కొన్నాను. కొట్టువాడు నా తలవంక, సీసావంక చూశాడు. నీకెందుకోయ్ అన్నాను. ఇంటికి తెచ్చి అలమరలో పెట్టి వచ్చినవాళ్ళందరికీ చూపిస్తున్నాను.

నువ్వు ఎదురుగా చెబుతానన్న సంగతి ఏమిటో మాకు తెలిసిపోయిందిలే. ఎవరో అబ్బాయిని చూసుకున్నావని మీ అత్తయ్య అంటోంది. నేనేమీ అనను, తీసుకురా. అప్పటినుంచి ఆవిడ ఆ అబ్బాయికోసం ఎదురుచూస్తోంది.

ఆవిడ సంగతి కాస్త చిరాగ్గా ఉంది. పడుకోదు. పడుకుంటే గుండె మీద ఎవరో కూర్చున్నట్టుందని గోడకి జారబడి కూర్చుంటుంది. నాలుగు మెట్లెక్కితే ఆగిపోతుంది. రాళ్ళు పగలగొట్టిన రోజునుంచి మనిషి అదోలా ఉంది, ఆ కోపమే ఇదంతా అని నేననుకుంటున్నాను. మొన్న గట్టిగా అరిచాను, కొత్త మరంటే పడకపోతే పడదని చెప్పు, ఈ నాటకాలు దేనికని. లేచి వెళ్ళి బస్తా మూతి దగ్గర కూర్చుంది. తర్వాత నాకే అన్నం సయించలేదు.

వైద్యుడికి చూపిస్తానంటే, ఈ నెల సరుకు వెళ్ళనివ్వండి అంటుంది. బుల్లి మాట పోకూడదట. రెండు బండ్లు పంపేస్తే తీసుకెళతాను.

మామయ్య


జూన్ 14

మామయ్యా,

కూర్చుని చదువు. అత్తయ్య దగ్గర లేనప్పుడు చదువు.

జెల్ నీరైపోయింది. కొట్లలో అరల మీద ఉన్న సీసాలన్నీ రెండు నెలలు తిరక్కుండానే పలచబడి, మూత తీస్తే చేతిలోంచి కారిపోతోందని తిరిగి వచ్చేస్తున్నాయి. గోడౌనులో నడవడానికి చోటు లేదు. మేడమ్ అన్ని పొడులూ మళ్ళీ కొలిపించింది, ఈసారి గంటకీ, మర్నాడూ. ఇనుప మర పొడి గంటకి మూడు వేల మూడు వందలు, మర్నాటికి రెండు వేలకి దిగింది. వేడికి దాని బలం పోయిందని మేడమ్ చెప్పింది. నువ్వు మార్చిలోనే రాశావు. నేను చదివాను.

వచ్చిన ప్రతి సరుకులోనూ గుప్పెడు పొడి అలమరలో దాచి ఉంచుతారు. ఫిబ్రవరిలో వచ్చిన నీ రాళ్ళ పొడి కూడా ఉంది. మేడమ్ అది కూడా మర్నాటిదాకా ఉంచి కొలిచింది. ఐదు వేల రెండు వందలు. “ఇంత మంచి పొడిని వెనక్కి పంపిందెవరు?” అని అడిగింది. రిజిస్టరు తీశారు. అక్కడున్న నంబరు నాది.

ఆ గడియారం మనిషి నేనే మామయ్యా. జనవరినుంచి నేనే. మిక్సింగ్ గదిలో లేను, నీకు అబద్ధం రాశాను. నీ పొడి మర్నాటికి ఎలా అవుతుందో నాకు తెలుసు. తెలియడమే కాదు, దాచిపెట్టి కొలిచాను. అంకె చూసి కూడా సింకులో పారబోశాను. నువ్వు నా మామయ్యవని తెలిస్తే నన్ను ఆ కుర్చీలోంచి లేపేస్తారని భయపడ్డాను. ఇప్పుడు అదీ తెలిసిపోయింది, ఎలాగూ లేపేశారు. నీ మరని జాబితాలోంచి కొట్టేశారు. రెండు రోజుల్లో కాగితం వస్తుంది. అది నీకు చేరేలోపు ఇది చేరాలని రాస్తున్నాను.

రాళ్ళు తీసేస్తున్నానని నువ్వు రాసిన రోజు ‘ఆగు’ అని ఒక్క మాట రాసి ఉండాల్సింది. రాయాలంటే ఎందుకాగాలో కూడా రాయాలి. అందుకే పెట్టించు అన్నాను. పాసవుతుంది, అంతా సర్దుకుంటుంది అనుకున్నాను.

ఇప్పుడు మర్నాటి పరీక్ష పెట్టారు. రాళ్ళ పొడి అయితే మళ్ళీ తీసుకుంటామని మేడమ్ నాతో అంది. రాళ్ళు ఎక్కడైనా దొరుకుతాయా? గాట్లు కొట్టే ఆయన ఉన్నాడు కదా? నా దగ్గరున్నదంతా పంపుతాను. నేనొచ్చి మర దగ్గర పనిచేస్తాను. ఈ నెలాఖరుకి బయలుదేరనా?

అత్తయ్య ఎలా ఉంది? నీ ఉత్తరాలన్నీ ముందు పెట్టుకుని చదువుతున్నాను. ప్రతి దాంట్లోనూ ఆవిడ దగ్గు ఉంది. వేడినీళ్ళు తాగమని రాశాను. నా చెయ్యి విరిగిపోను. ఆవిడని బస్తా దగ్గరికి వెళ్ళనివ్వకు మామయ్యా. ఇవాళే వైద్యుడికి చూపించు.

తిట్టు. ఎన్నైనా తిట్టు. కానీ జవాబు రాయి.

బుల్లి


జులై 6

గౌరవనీయులైన పరీక్షాధికారి గారికి,

తమరు జూన్ 14న రాసిన ఉత్తరం అందింది. ఆసుపత్రి వరండాలో చదివాను. తమరు అడిగినవాటికి జవాబులు ఇవి.

రాళ్ళు దొరకవు. అలాంటివి ఇప్పుడు ఎవరూ చెక్కడం లేదు. పాతవి ఎవరి పునాదిలో ఉన్నాయో వాకబు చెయ్యలేదు. గాట్లు కొట్టే ఆయన ఆ పని మానేసి వాళ్ళ అమ్మాయి దగ్గరికి వెళ్ళిపోయాడు.

మర మూసేశాను. మీ కాగితం రాకముందే మూసేశాను. జూన్ 10న నా భార్యకు ఊపిరి అందక పెదవులు నీలంగా మారితే ఎత్తుకుని తీసుకువెళ్ళాను. ఏం పని చేస్తుందని వైద్యుడు అడిగాడు. చెప్పాను. ఆ సన్నటి పొడి ఊపిరితిత్తుల్లోకి దిగిందని, ఇన్నాళ్ళు ఎందుకు కూర్చోబెట్టారని అడిగాడు. నాటకాలాడుతోందని అనుకున్నానని ఆయనకి చెప్పలేకపోయాను. ప్రాణం దక్కింది. ఊపిరితిత్తులు మాత్రం ఇక మునుపటిలా కావన్నాడు. ఆ పొడి ఉన్న ఇంట్లో ఆమె ఒక్క రోజు కూడా ఉండకూడదు. మా ఇంటి గోడలకి, దూలాలకి, పరుపులకి అంతటా అదే ఉంది. ఇల్లు తాళం వేసి, ఆసుపత్రి పక్క వీధిలో ఒక గది తీసుకున్నాం. కిటికీలు మూసే ఉంచుతాం. మూడు దిళ్ళు వెనక పెట్టుకుని కూర్చునే నిద్రపోతుంది.

ఈ మర సంగతి మీ మేడమ్ గారితో ఇక మాట్లాడవలసిన అవసరం లేదు. డబ్బు పంపవద్దు.

పరీక్షలో పొరపాటు ఎవరైనా చేస్తారు. ఉద్యోగం పోతుందన్న భయం కూడా నాకు అర్థమవుతుంది, నేనూ సరుకు కొనేవాళ్ళ దయ మీద బతికినవాణ్ణే. ఒక్కటి మాత్రం ఎన్నిసార్లు చదివినా అర్థం కాలేదు. మార్చి 17న నేను ఉత్తరం రాశాను. వద్దంటే ఆపేస్తానని రాశాను. ఆ ఉత్తరం తమరికి అందింది. అందిన రోజే జవాబు రాశారు.

తమరి రాక గురించి. నా భార్య మా మేనకోడలు ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతోంది. ఆ అబ్బాయిని కూడా తీసుకొస్తుందా అని అడుగుతోంది. పరీక్ష చేసింది ఎవరో ఆమెకు చెప్పలేదు. చెప్పను. ఆమెకు ఆ పిల్ల మీద ఉన్నది అలాగే ఉండనిస్తాను. ఫ్యాక్టరీలో పని ఎక్కువగా ఉందని, సెలవు దొరకడం లేదని చెప్పాను. నమ్మింది.

తమరు రావద్దని మనవి.

భవదీయుడు,
మర యజమాని